యారో రాసిన 33 పేజీలు

చీర కొనడానికి వెళ్తే పది చీరలు దింపిస్తాం. అంచు చూస్తాం, రంగు దిగుతుందేమో అడుగుతాం, పక్క కొట్లో ధర కనుక్కుని వస్తాం. అదే మనిషి డాక్టరు ముందు కూర్చుంటే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. "ఒక స్కాన్ రాస్తున్నా, తీయించుకుని రండి" అంటే తలూపి లేస్తాం. ఆ స్కాన్ నిజంగా కావాలా, దాని బదులు ఇంకోటి చాలదా, వారం ఆగి చూడొచ్చా అన్న ప్రశ్నలు గుమ్మం దాటాక గుర్తొస్తాయి. గుర్తొచ్చినా ఉపయోగం లేదు. వాటికి జవాబు తెలిసిన మనిషి ఎవరో కాదు, ఆ స్కాన్ రాసిన డాక్టరే.

ఇందులో కొత్తేముంది, అందరికీ తెలిసిందే కదా అనిపిస్తుంది. కానీ ఇంత మామూలు విషయాన్ని ఆర్థికశాస్త్రం భాషలో పట్టుకుని, వైద్యం అనే సరుకు మిగతా సరుకుల్లా ఎందుకు అమ్ముడుపోదో వివరించిన వ్యాసం 1963 డిసెంబరులో గానీ రాలేదు. అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అనే పత్రికలో 941వ పేజీ నుంచి 973వ పేజీ దాకా ఉంటుంది. రాసింది అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ యారో. (ఆయన పేరును కొందరు 'ఆరో' అని రాస్తారు. నేను యారో అనే రాస్తాను. లేకపోతే ఐదో మనిషి ఎవరని అడుగుతారు. పైగా ఆరోగ్యం గురించి రాసేటప్పుడు ఆ మాట మరీ శ్లేషలా ధ్వనిస్తుంది.)

యారో ఆరోగ్య ఆర్థికవేత్త కాదు. అప్పటికే ఆయన పేరు వేరే పనులతో మోగిపోతోంది. ముగ్గురు నలుగురి ఇష్టాయిష్టాలను కలిపి, కొన్ని మామూలు షరతులు తప్పకుండా, ఒక సమష్టి నిర్ణయంగా మార్చే పద్ధతే లేదని 1951లో గణితంతో నిరూపించారు. 1954లో జెరార్డ్ డెబ్రూతో కలిసి, ఫలానా షరతులుంటే పోటీ మార్కెట్లన్నీ ఒకేసారి సమతూకానికి రాగలవని చూపించారు. 1972లో జాన్ హిక్స్‌తో కలిసి నోబెల్ అందుకునేనాటికి ఆయన వయసు 51. అంటే మార్కెట్ ఎప్పుడు సరిగ్గా పనిచేస్తుందో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు ఆ కాలంలో లేరు. వైద్యం వైపు ఆయన్ని లాగింది విక్టర్ ఫుక్స్. అప్పట్లో ఫుక్స్ ఫోర్డ్ ఫౌండేషన్‌లో పనిచేస్తూ, ఆరోగ్యం, విద్య, సంక్షేమం లాంటి వాటి మీద సిద్ధాంతకర్తల చేత రాయించాలనుకున్నారు. ఆ రంగం వాసనే లేని మనిషిని ఏరి పట్టుకోవడం నాకు చాలా తెలివైన పనిగా కనిపిస్తుంది. లోపలివాళ్లకు మామూలైపోయిన సంగతులు బయటివాడికే వింతగా కనిపిస్తాయి.

ఒక పండితుడి ప్రభావాన్ని ఇప్పుడు ఎలా కొలుస్తున్నారో ఇక్కడే చెప్పుకోవాలి. ఎన్ని వ్యాసాలు రాశారు, వాటిని ఎంతమంది ఉటంకించారు, హెచ్-ఇండెక్స్ ఎంత. ఈ చివరిది 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త తెచ్చిన లెక్క. మీ వ్యాసాల్లో కనీసం 20 వ్యాసాలను ఒక్కొక్కదాన్నీ 20 సార్లకు తక్కువ కాకుండా ఎవరైనా ఉటంకిస్తే మీ హెచ్-ఇండెక్స్ 20. ప్రమోషన్లకూ గ్రాంట్లకూ చాలాచోట్ల దీన్నే చూస్తారు. ఇందులో తమాషా ఏమిటంటే, ఒకే ఒక్క వ్యాసం రాసి, దాన్ని పదివేలమంది ఉటంకించినా హెచ్-ఇండెక్స్ 1 దాటదు. యారో 1963 వ్యాసాన్ని పదివేలసార్లకు పైగానే ఉటంకించారు. ఆరోగ్యం మీద ఆయన రాసినవన్నీ కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కేవలం ఆ కొద్ది రాతలనే ఈ కొలబద్దతో కొలిస్తే ఆయన ఒక జూనియర్ లెక్చరర్ పక్కన కూడా నిలబడడు. మరోవైపు ప్రపంచ ఆరోగ్య ఆర్థికవేత్తల సంఘం ఏటా ఉత్తమ వ్యాసానికి ఇచ్చే బహుమతి ఉన్నది ఆయన పేరు మీదే.

ఆ వ్యాసం అంతలా నిలబడడానికి కారణం నా దృష్టిలో ఒకే మాట: అనిశ్చితి. ఆ మాటతో యారోకి పాత పరిచయం. మహామాంద్యంలో చితికిపోయిన కుటుంబం వాళ్లది. ఫీజు లేని న్యూయార్క్ సిటీ కాలేజీలో చదువుకున్నారు. ఇన్సూరెన్స్ కంపెనీల్లో లెక్కలు వేసే యాక్చురీ ఉద్యోగం నికరంగా ఉంటుందని ఆ పరీక్షలు కూడా కొన్ని రాశారు. "అందులో సంగీతం లేదు" అని కూప్‌మన్స్ అనే ఆర్థికవేత్త అనడంతో ఆ ఆలోచన మానుకున్నారంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వాతావరణ విభాగంలో పనిచేశారు. నెల ముందే చెప్పే వాతావరణ జోస్యాలను ఆయన జట్టు పరీక్షించి చూస్తే, చీట్లు తీసి చెప్పినదానికంటే అవేమీ మెరుగ్గా లేవు. ఆ సంగతి పైకి రాస్తే వచ్చిన జవాబు ఆయన తరవాత చాలాసార్లు చెప్పుకున్నారు: జోస్యాలు పనికిరావని జనరల్‌గారికి తెలుసు, కానీ ప్రణాళికలు వేసుకోవడానికి ఆయనకు అవి కావాలి.

డాక్టరు గదిలోనూ జరిగేది ఇంచుమించు ఇదే అని నాకు అనిపిస్తుంది. తెలియని దాని ముందు కూర్చున్న మనిషికి ఎవరో ఒకరు ఒక మాట చెప్పాలి.

ఇక వ్యాసంలోకి వెళ్దాం. విప్పితే ముందు ఆశ్చర్యపరిచేది, అందులో లెక్కలు తక్కువ. గణితమంతా చివరి అనుబంధంలోకి వెళ్లిపోయింది. మిగతాదంతా మామూలు వాక్యాలే. యారో వాదన ఇది. వైద్యంలో రెండు రకాల అనిశ్చితి ఉంది. జబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు. వచ్చాక ఏ చికిత్స పనిచేస్తుందో కూడా తెలీదు. బియ్యం ఖర్చు నెలనెలా ఉండేదే, గుండెపోటు నెలనెలా రాదు. వచ్చిన రోజున ఖర్చు ఒక్కటే కాదు, పనిచేసి సంపాదించే ఒళ్లే దెబ్బ తింటుంది.

మొదటి అనిశ్చితికి మందు ఇన్సూరెన్స్. ఇక్కడే యారో ఒక చిన్న సిద్ధాంతం నిరూపించారు. మన లెక్కలో చెప్పుకుందాం. ఒకే ప్రీమియంకి రెండు పాలసీలు ఉన్నాయనుకోండి. మొదటిది ప్రతి బిల్లులో 80 శాతం కడుతుంది. రెండోది మొదటి 20,000 రూపాయలు మీరే పెట్టుకోమంటుంది, ఆపైన ఎంతైనా తనే భరిస్తుంది. బిల్లు 10,000 అయితే మొదటి పాలసీలో మీ జేబులోంచి 2,000 పోతుంది, రెండోదాంట్లో మొత్తం 10,000 పోతుంది. చూడగానే మొదటిదే బాగుంది. ఇప్పుడు బిల్లు 5 లక్షలు అనుకోండి. మొదటిదాంట్లో లక్ష పోతుంది, రెండోదాంట్లో 20,000తో సరి. రిస్క్ అంటే భయపడే మనిషికి, కంపెనీ తన ఖర్చులూ లాభమూ చెల్లింపులకు తగ్గ నిష్పత్తిలోనే వేసుకుంటే, రెండోదే మేలని యారో తేల్చారు. చిన్న దెబ్బ నువ్వు ఓర్చుకో, పెద్ద దెబ్బ నుంచి కాపాడతాను అనేదే మంచి ఇన్సూరెన్స్. ఇప్పుడు పాలసీ కాగితాల్లో డిడక్టబుల్ అని చదివి తిట్టుకునే షరతు వెనక ఇంత కథ ఉంది.

నాకు ఇందులో ఒక పేచీ ఉంది. చిన్న దెబ్బ ఎవరికి చిన్నది? రోజు కూలికి 10,000 చిన్న దెబ్బ కాదు. అదీగాక షుగరూ బీపీ ఉన్నవాడికి దెబ్బ ఒక్కసారి తగలదు, నెలనెలా మందుల షాపు దగ్గర తగులుతూనే ఉంటుంది. మన దేశంలో జనం చేతి నుంచి పెట్టే వైద్య ఖర్చులో పెద్ద వాటా మందులదే. సిద్ధాంతం తప్పని అనను, అది ఊహించుకున్న రోగి మన రోగి కాదంటాను.

రెండో అనిశ్చితి ఇంకా గట్టిది. చికిత్స పనిచేస్తుందో లేదో తెలీదు, తెలిసినంత మేర అది డాక్టరుకే తెలుసు. వాడి చూసి నచ్చకపోతే వెనక్కి ఇవ్వగల సరుకు కాదిది. అలాంటప్పుడు మార్కెట్ నిలబడాలంటే ఏదో ఒకటి ఆ ఖాళీని నింపాలి. ఆ ఖాళీని సమాజం నమ్మకంతో నింపుకుందని యారో అన్నారు. డాక్టర్లు ప్రకటనలు వేసుకోకూడదన్న ఆచారం, 'పక్క డాక్టరు కంటే నేను చవక' అని అరవకపోవడం, సలహా ఇచ్చేటప్పుడు సొంత లాభం చూసుకోకూడదన్న అంచనా, డిగ్రీ లేనివాణ్ణి రానివ్వని లైసెన్సు, లాభం కోసం నడపని ఆసుపత్రులు. ఆర్థికశాస్త్రం చదివినవాళ్లకు ఇవన్నీ పోటీకి అడ్డంకుల్లా కనిపిస్తాయి. సరిగ్గా ఏడాది ముందు మిల్టన్ ఫ్రీడ్‌మన్ డాక్టర్లకు లైసెన్సే అక్కర్లేదని వాదించారు. యారో ఇవే ఆచారాలను తీసుకుని, ఇవి మార్కెట్‌కు పట్టిన రోగం కాదు, మార్కెట్ చేయలేని పనిని సమాజం తనకు తోచినట్టు చేసుకోవడం అన్నారు. లాభం అన్న మాట చెవిన పడగానే ఆ నమ్మకం చెదిరిపోతుందని కూడా రాశారు. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగకుండా ఎవరూ ముందుకు వెళ్లలేరు.

అయితే ఆయన లైసెన్సులను నెత్తిన పెట్టుకోలేదు. డాక్టర్ల సంఖ్య పెరగకుండా చూసుకుంటే ఫీజులు పెరుగుతాయని ఆ వ్యాసంలోనే ఒప్పుకున్నారు. దాన్ని ఉటంకించేవాళ్లు సాధారణంగా ఈ సగం వదిలేస్తారు.

అసలు ఆ వ్యాసానికి పట్టిన అదృష్టమూ దురదృష్టమూ అదే. ఎవరికి కావలసింది వాళ్లు కోసుకుపోయారు. ప్రైవేటు మార్కెట్ ఇవ్వలేని ఇన్సూరెన్స్‌ను ప్రభుత్వం ఇవ్వాలని యారో స్పష్టంగానే రాశారు, ఒక పక్షం అది పట్టుకుంది. రెండేళ్లకు, 1965లో, అమెరికాలో వృద్ధులకు మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ వచ్చింది గానీ అది యారో వల్ల వచ్చిందనడం అతిశయోక్తి. రాజకీయం తన దారిన తాను నడిచింది. రెండో పక్షం 1968లో మార్క్ పాలీ రూపంలో వచ్చింది. అప్పుడే చదువు ముగించిన కుర్రవాడు. అదే పత్రికలో చిన్న వ్యాఖ్య రాసి పెద్దాయన్ని నిలదీశాడు. ఇన్సూరెన్స్ ఉంటే జనం డాక్టరు దగ్గరికి ఎక్కువ వెళ్తారు, అది నీతికి సంబంధించిన లోపం కాదు, ధర తగ్గితే ఎక్కువ కొనడం మామూలు తెలివి. కాబట్టి ఆ అదనపు వాడకం వల్ల అయ్యే నష్టం కొన్నిచోట్ల ఇన్సూరెన్స్ లాభాన్నే మింగేయొచ్చు. యారో జవాబు చిన్నదే. నిజమేనంటూనే, మనుషుల మధ్య నమ్మకం, ఇది కావాలి అది వద్దు అన్న అంతరాత్మ కూడా వనరుల పంపకంలో భాగమేనని గుర్తుచేశారు. పెళ్లి భోజనంలో ఎవరూ డబ్బు కట్టరు, అయినా అందరూ కడుపు పగిలేలా తినరు. కొందరు తింటారనుకోండి.

ఈ వాదన మాటల్లో తేలేది కాదని, నిజంగా ప్రయోగం చేసి చూశారు. 1974 నుంచి 1982 దాకా ర్యాండ్ అనే పరిశోధన సంస్థ, జోసెఫ్ న్యూహౌస్ నాయకత్వంలో, అమెరికాలో ఆరుచోట్ల వేలమందికి లాటరీ పద్ధతిలో రకరకాల ఇన్సూరెన్స్‌లు ఇచ్చింది. కొందరికి అంతా ఉచితం, కొందరు 95 శాతం వరకూ తామే పెట్టుకోవాలి, కాకపోతే ఏడాదికి ఒక పరిమితి ఉంటుంది. 95 శాతం తామే పెట్టుకునేవాళ్ల ఖర్చు, ఉచితంగా ఉన్నవాళ్ల కంటే దాదాపు 30 శాతం తక్కువ తేలింది. పాలీ గెలిచాడు అనుకునేలోపే ఇంకో ఫలితం. సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా లేకపోయినా, బీపీ ఉన్న పేదవాళ్లకు ఉచిత వైద్యంతో మేలు జరిగింది. 2008లో ఒరెగాన్ రాష్ట్రం దగ్గర డబ్బు సరిపోక, పేదలకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌ను లాటరీ వేసి ఇస్తే, సుమారు 90,000 మంది పేర్లు ఇచ్చారు. ఎమీ ఫిన్‌కెల్‌స్టైన్, కేథరిన్ బేకర్ జట్టు ఆ లాటరీని ప్రయోగంగా మలచుకుంది. కార్డు దొరికినవాళ్లు ఆసుపత్రికి ఎక్కువ వెళ్లారు, అప్పులు తగ్గాయి, డిప్రెషన్ తగ్గింది. బీపీ, కొలెస్టరాల్ మాత్రం రెండేళ్లలో చెప్పుకోదగ్గంత మారలేదు. రెండు పక్షాలూ మళ్లీ కావలసింది కోసుకుపోయాయి.

వ్యాసం ప్రభావం ఆరోగ్యం గీత కూడా దాటింది. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే ఏమవుతుందో 1970లో పాత కార్ల బజారు ఉదాహరణతో జార్జ్ అకర్లాఫ్ చూపించారు. 1976లో రాత్‌షీల్డ్, స్టిగ్లిట్జ్ ఇన్సూరెన్స్ మార్కెట్‌లో అదే చూపించారు. ఈ దారిలో పనిచేసిన అకర్లాఫ్, స్పెన్స్, స్టిగ్లిట్జ్‌లకు 2001లో నోబెల్ వచ్చింది. యారో దగ్గర డాక్టరేట్ చేసినవాళ్లలో హర్సానీ, మాస్కిన్, మైయర్సన్ కూడా నోబెల్ అందుకున్నారు. ఇది ఏ హెచ్-ఇండెక్స్‌లోనూ పడదు.

మెచ్చుకునేవాళ్లే కాదు, తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. 2001లో ఒక పత్రిక ఈ వ్యాసం మీద ప్రత్యేక సంచిక వేసినప్పుడు జేమ్స్ రాబిన్సన్ అనే ఆరోగ్య ఆర్థికవేత్త తీవ్రంగానే రాశారు. వైద్యం వేరు, దాని లెక్కలు వేరు అన్న నమ్మకమే ఈ రంగంలో అన్నిటికంటే హానికరమైన సిద్ధాంతం అన్నారు. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని డాక్టర్ల సంఘాలూ ఆసుపత్రులూ తమ పాత పద్ధతులన్నిటినీ సమర్థించుకున్నాయన్నది ఆయన కోపం. అందులో నిజం లేకపోలేదు. నమ్మకం అవసరమని చెప్పడం ఒకటి, ఆ నమ్మకాన్ని ఎవరు ఎలా వాడుకుంటున్నారో చూడకపోవడం ఇంకొకటి.

అది ఎలా ఉంటుందో మన దగ్గరే చూడొచ్చు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పట్లో తెల్ల రేషన్ కార్డు ఉంటే పెద్ద ఆపరేషన్లకు రోగి చేతి నుంచి పైసా పడకుండా పథకమే కట్టేది. ఒక్కో ఆపరేషన్‌కి ఒక ప్యాకేజీ రేటు ఉంటుంది. యారో తన వ్యాసంలో ఇన్సూరెన్స్‌ను మూడు రకాలుగా విడదీశారు: ముందే కట్టి సేవ పొందడం, ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే రాసుకున్న రేటు ప్రకారం చెల్లించడం, అయిన ఖర్చంతా ఇవ్వడం. ప్యాకేజీ అంటే ఆ రెండోది. బిల్లు ఉబ్బకుండా ఇది బాగానే ఆపుతుంది. కానీ ఆపరేషన్ అసలు అవసరమా అన్న ప్రశ్నను ఇది ముట్టుకోదు. అందుకే ఆపరేషన్‌కి ముందు రిపోర్టులు పంపి అనుమతి తీసుకోవాలన్న షరతు పెట్టారు.

గర్భసంచి ఆపరేషన్ల సంగతి ఇక్కడే వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో జరిగిన ఈ ఆపరేషన్లలో సుమారు మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. తెల్లబట్ట అవుతోందనో నడుము నొప్పి అనో వెళ్లిన మనిషికి, "తీసేయకపోతే క్యాన్సర్ అవుతుందమ్మా" అన్న ఒక్క మాట చాలు. ఆ మాటను పరీక్షించే దారి ఆమెకు లేదు. దీనికంతటికీ ఇన్సూరెన్సే కారణం అనలేం. ఊళ్లో వేరే వైద్యం అందకపోవడం, నెలసరితో కూలి పోతుందన్న బాధ, పిల్లలు పుట్టాక ఇంక అదెందుకన్న ఆలోచన, అన్నీ కలిశాయి. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్లు ఎక్కువవుతున్నాయని గోల లేచాక, వాటిని ప్రైవేటు ఆసుపత్రుల జాబితా నుంచి తీసి ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేశారు. యారో భాషలో చెప్పాలంటే, నమ్మకం చేయాల్సిన పనిని జీవో చేత చేయించారు.

ఎనభై దాటాక యారో మరోసారి ఆరోగ్యం వైపు వచ్చారు. అప్పటికి క్లోరోక్విన్‌కు మలేరియా లొంగడం మానేసింది. కొత్తగా వచ్చిన ఆర్టెమిసినిన్ కలిపిన మందులు పనిచేస్తున్నాయి గానీ ధర పది ఇరవై రెట్లు. చవకగా దొరికే ఒంటరి ఆర్టెమిసినిన్ బిళ్ళలను జనం వాడుకుంటూ పోతే ఆ మందు కూడా క్లోరోక్విన్ దారే పడుతుంది. అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వేసిన కమిటీకి ఆయన అధ్యక్షుడు. 2004లో వచ్చిన ఆ నివేదిక చెప్పింది సూటిగా ఉంటుంది: సబ్సిడీని రోగికో ఆసుపత్రికో ఇవ్వొద్దు, మందు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చేచోటే ఇవ్వండి. అప్పుడు ధర గొలుసు పొడవునా తగ్గుకుంటూ, ఆఫ్రికా పల్లెలో సబ్బులూ ఉప్పూ అమ్మే కొట్టు దాకా వెళ్తుంది. ఎందుకంటే జ్వరం వచ్చిన జనంలో చాలామంది వెళ్లేది ఆ కొట్టుకే.

2010లో ఎయిడ్స్, క్షయ, మలేరియాల మీద పోరాటానికి డబ్బిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ ఈ పద్ధతిని ఘనా, కెన్యా, నైజీరియా, టాంజానియా లాంటి దేశాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఎక్కువ చోట్ల మందు దొరకడం పెరిగింది, ధర తగ్గింది. రెండేళ్లకే దాన్ని విడి పథకంగా కొనసాగించకూడదని నిర్ణయించారు. అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. మందు చవకైతే కొట్టువాడు ఏ జ్వరానికైనా అదే ఇస్తాడు. రక్తం చుక్క తీసి పరీక్ష చేసే సౌకర్యం ఆ బల్ల మీద లేదు. 1963 వ్యాసంలో ఒకడికి తెలుసు, ఇంకొకడికి తెలీదు. ఇక్కడ బల్లకు అటువైపున్న మనిషికీ ఇటువైపున్న తల్లికీ, బిడ్డకు వచ్చింది మలేరియా అవునో కాదో తెలీదు.